అందులో ఎంత రాసుంది అబ్బయా?

ఏడాదికి రెండుసార్లు నా ఫోను తెరిపి లేకుండా మోగుతుంది. ఏప్రిల్ మొదటి వారంలో ఒకసారి, అక్టోబరు మొదటి వారంలో ఒకసారి. ఒంగోలులో చిన్నాచితకా వ్యాపారులకు లెక్కలు రాసి, పనివాళ్ల భవిష్య నిధి అదే పీఎఫ్, వైద్య బీమా అదే ఈఎస్ఐ కట్టిపెట్టడం నా పని. ఇరవై నాలుగేళ్లుగా ఇదే. ఆ రెండు వారాల్లో ఫోన్ చేసే వాళ్లందరిదీ ఒకటే ప్రశ్న. "ఏందబ్బయా, మళ్లీ పెంచారంటగా? ఎంతంట?" ఆ గొంతు వింటే ఎవరింట్లోనో జరగరానిది జరిగిందేమో అనిపిస్తుంది.

ఇన్నేళ్లలో కూలి తీసుకునే మనిషి ఒక్కరంటే ఒక్కరు ఆ ప్రశ్న నన్ను అడగలేదు. మొన్న అక్టోబరు దాకా.

యజమానులు అడిగేది వీడీఏ గురించి. మామూలు మాటల్లో డీఏ. కనీస వేతనంలో రెండు ముక్కలుంటాయి. ఒకటి బేసిక్, ఇంకోటి ధరలతో పాటు కదిలే కరువు భత్యం. వినియోగదారుల ధరల సూచీ ఎన్ని పాయింట్లు ఎక్కిందో చూసి, పాయింటుకి ఇంత అని కట్టి, మన రాష్ట్రంలో ఏప్రిల్ 1న, అక్టోబరు 1న దాన్ని సవరిస్తారు. నన్నడిగితే ఇది పెంపే కాదు. ఆర్నెల్ల క్రితం ఎంత కందిపప్పు కొన్నావో ఇప్పుడూ అంతే కొనుక్కోమని చేసే సర్దుబాటు. అసలు పెంపంటే బేసిక్‌ని మార్చడం. ఐదేళ్లు దాటకుండా దాన్ని తిరగతోడాలని 1948 నాటి కనీస వేతనాల చట్టం చెప్పింది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకొచ్చిన వేతనాల కోడ్ కూడా అదే అంటోంది. ఆ ఐదేళ్లు ఎప్పుడు ఐదేళ్లయ్యాయిలెండి. మొత్తానికి నాకు ఫోన్ చేసే వాళ్లలో చాలామంది, పెరగని జీతాన్ని పెరిగిందనుకుని దిగులు పడుతుంటారు.

అయితే నేనిక్కడ యజమానుల్ని తిట్టడానికి కూర్చోలేదు. వాళ్ల డబ్బుతోనే నా ఇల్లు గడుస్తోంది. పైగా నేను చేసిన పని ఒకటి ముందు చెప్పాలి.

2001లో ఒక పెద్దాయన దగ్గర గుమాస్తాగా చేరాను. ఆయన లెక్కలు చూసేవాటిలో టంగుటూరు వైపు ఒక పొగాకు కంపెనీ ఉండేది. పేరు అనవసరం. మా అమ్మ ఆ కంపెనీలోనే ఆకు గ్రేడింగ్‌కి పోయేది. సీజన్లో ఇంట్లో అన్నం, గుడ్డలు, దుప్పట్లు అన్నీ పొగాకు వాసనే. చేతులు ఎన్నిసార్లు కడిగినా ఆవిడ కలిపి పెట్టిన ముద్ద కొసన కాస్త చేదు తగిలేది. ఆ చేదుకి మేం అలవాటు పడిపోయాం.

సీజన్ చివర్లో రిజిస్టర్ల మీద వేలిముద్రలు వేయించుకు రమ్మని పెద్దాయన నన్ను పంపించాడు. అక్కడ రెండు పుస్తకాలుండేవి. ఒకటి ఇచ్చేది రాసుకునేది, ఇంకోటి చూపించేది. చూపించే పుస్తకంలో కనీస వేతనం పైసాతో సహా ఉంటుంది. ఇచ్చే పుస్తకంలో ఉండేది దానికి మూడొంతుల్లో రెండొంతులు. వేలిముద్రలు పడేది చూపించే పుస్తకం మీద. నేను స్టూలు వేసుకుని, సిరా దిండు తెరిచి కూర్చున్నాను. ఆడవాళ్లు వరసగా వస్తున్నారు. నాలుగో మనిషి మా పక్కింటి అత్త. వేలు దిండు మీద అద్ది, కాగితం మీదికి తెచ్చి, ఆపింది.

"అందులో ఎంత రాసుంది అబ్బయా?"

"నీకొచ్చిందే రాసుంది అత్తా."

"అంతేలే" అని ముద్ర వేసి, వేలికి అంటిన సిరా తలకు రుద్దుకుని పక్కకి జరిగింది. ఆమె వెనక ఇద్దరి తర్వాత మా అమ్మ. అమ్మ అడగలేదు. నా మొహం వైపు కూడా చూడలేదు. ముద్ర వేసి వెళ్లిపోయింది. ఆ రాత్రి అన్నం పెట్టేటప్పుడు కూడా దాని ఊసెత్తలేదు. ఆమె పోయేదాకా ఎత్తలేదు.

కనీస వేతనం పెంచితే పరిశ్రమలు మూతపడతాయనే చర్చ ఎక్కడ విన్నా నాకు ఆ సిరా దిండు గుర్తొస్తుంది. పెంచితే మంచిదా చెడ్డదా అని రెండు పక్షాల వాళ్లూ అంకె మీద కొట్టుకుంటారు. ఆ అంకె చేతికి అందుతోందా అని అడిగేవాళ్లు తక్కువ. కనీస వేతనం కన్నా తక్కువిచ్చి పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీ కిందికే వస్తుందని ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో 1982లోనే సుప్రీంకోర్టు చెప్పింది. నేను ఆ స్టూలు మీద కూర్చున్నది ఆ తీర్పొచ్చిన పంతొమ్మిదేళ్లకి.

ఇప్పుడు సిరా దిండ్లు పోయాయి. జీతాలు బ్యాంకులో పడుతున్నాయి. అంతా బాగుపడిందని నేనూ కొన్నాళ్లు సంబరపడ్డాను. తర్వాత ఒకచోట చూశాను. మేస్త్రీ జేబులో రబ్బరు బ్యాండు వేసిన ఏటీఎం కార్డుల కట్ట. పిన్ నంబర్లు కార్డుల వెనకే స్కెచ్ పెన్నుతో రాసున్నాయి. జీతం పడిన రోజు మేస్త్రీయే వెళ్లి తీసి, తన లెక్క ప్రకారం పంచుతాడు. బ్యాంకు స్టేట్‌మెంటు చూస్తే మాత్రం ఎంత పెద్ద అధికారైనా వేలెత్తి చూపలేడు.

సరే, నిజాయితీగా ఇచ్చేవాడి సంగతి చూద్దాం. వాడి బాధ కూడా బాధే.

కర్నూలు రోడ్డులో నాకు తెలిసిన అన్న ఒకాయన టిఫిన్ హోటలు నడుపుతున్నాడు. తెల్లవారుజామున మూడున్నరకి ఆయన, వదిన లేస్తారు. ఎనిమిది మంది పనివాళ్లు. ఒక అక్టోబరులో ఆయన దిగులు మొహంతో వచ్చి నా ముందు కూర్చుంటే, పాత బిల్లు వెనక లెక్క వేసి చూపించాను. మనిషికి రోజుకి 50 రూపాయలు పెంచావనుకో అన్నా. ఎనిమిది మందికి 400. రోజుకి నువ్వు అమ్మే ప్లేట్లు తక్కువలో తక్కువ 450. ప్లేటుకి రూపాయి కూడా పడదు. దోసె 50 నుంచి 51 అయితే తినేవాడు ఒంగోలు వదిలి చీరాల పోయి తింటాడా?

అన్న నవ్వాడు. "51 పెడితే చిల్లర ఎవడిస్తాడు అబ్బయా? పెడితే 55 పెట్టాల."

"మరి అప్పుడు నీకే మిగులుతుందిగా."

"మిగులుద్ది, ఎదురుగా బండి లేకపోతే."

ఎదురు బండి సంగతి అప్పుడు చెప్పాడు. మొగుడు దోసెలు పోస్తాడు, పెళ్లాం చట్నీలు చూస్తుంది, పదిహేనేళ్ల కొడుకు ప్లేట్లందిస్తాడు. అద్దె లేదు, జీతాలు లేవు, రిజిస్టరు లేదు. దోసె 35. కనీస వేతనం ఎంత పెంచినా ఆ బండికి ఒక్క పైసా ఖర్చు పెరగదు, ఎందుకంటే అక్కడ పని చేసే వాళ్లెవరికీ కూలి అన్నదే లేదు. మా అన్నకి పోటీ పెద్ద హోటళ్లతో కాదు, ఆ జీతం లేని ఇంటి చాకిరీతో. చిన్న వ్యాపారికి భారమవుతుందని పేపర్లో రాసే వాళ్లు ఈ మాట ఎందుకు రాయరో నాకు అర్థం కాదు. ఉన్న వాదనల్లో నాకు బలంగా కనిపించేది ఇదొక్కటే. బండి వాళ్లని నేను తప్పు పట్టడం లేదు. ఆ కుర్రాడి చదువు ఏమైందో అని మాత్రం అనిపిస్తుంది.

ఇంకా లోపలికి పోతే లెక్క మారుతుంది. ఎనిమిది మందిలో దోసె మాస్టరు, పూరీ మాస్టరు లాంటి వాళ్లు కనీస వేతనాన్ని ఎప్పుడో దాటిపోయారు. మాస్టరు అలిగి ఒకరోజు రాకపోతే హోటలుకి తాళమే, అందుకని అతని రేటు అతనే చెప్తాడు. చట్టం అంకె అవసరమయ్యేది ముగ్గురికే. ఇద్దరు ప్లేట్లు కడిగే ఆడవాళ్లు, ఒక క్లీనింగ్ కుర్రాడు. వాళ్లకి 50 చొప్పున పెంచితే రోజుకి 150. "అయితే మాస్టరు ఊరుకుంటాడా? ఆయమ్మకి పెంచావు, నాకేదీ అంటాడు" అన్నాడు అన్న. అది నిజమే. కింద మెట్టు ఎత్తితే పై మెట్లు కదులుతాయి, ఎంత కదులుతాయో ముందే చెప్పడం కష్టం.

కానీ ఇంకో సంగతి కూడా అన్నకి గుర్తు చేశాను. కమర్షియల్ గ్యాస్ సిలిండరు ధర నెల నెలా ఒకటో తారీఖున మారుతుంది. పెరిగిన నెలలో నువ్వు నాకెప్పుడైనా ఫోన్ చేశావా? నూనె డబ్బా పెరిగినప్పుడు? అద్దె ఏడాదికింత అని పెంచుకుంటూ పోయే అగ్రిమెంటు మీద సంతకం పెట్టినప్పుడు? అవన్నీ "ఏం చేస్తాంలే" ఖాతాలోకి పోయాయి. ప్లేట్లు కడిగే ఆమె 50 రూపాయలు మాత్రం టెన్షన్ ఖాతాలోకి వచ్చింది. అన్న కాసేపు ఏమీ అనలేదు. "గ్యాస్ కంపెనీ వాడు నాకు ఎదురుగా కనపడడు కదా అబ్బయా" అన్నాడు చివరికి. అంతకన్నా సూటిగా ఈ విషయం చెప్పిన ఆర్థికవేత్తని నేను చదవలేదు.

మరి ధర పెంచుకునే వీలే లేని వాళ్లు? దోసె రేటు అన్న చేతిలో ఉంది. రొయ్యల ప్లాంటు వాడి రేటు అమెరికాలో కొనేవాడి చేతిలో ఉంది. చీమకుర్తి గ్రానైటుదీ అంతే. గెలాక్సీ రాయి మన దగ్గర తప్ప దొరకదని గొప్పలు చెప్పుకుంటాం గానీ, చదరపు అడుగు ధర అడిగేది బయటి దేశపు బేరగాడు. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి తీసుకెళ్లినప్పుడు ఆ దెబ్బ ఒకరి మీద నుంచి ఇంకొకరి మీదికి దిగుతూ పోయింది. ప్లాంటు వాడు చెరువు దగ్గర కొనే ధర తగ్గించాడు. చెరువు రైతు తర్వాతి పంటకి పిల్ల వేయాలా వద్దా అని తటపటాయించాడు. ప్లాంటులో ఆడవాళ్లకి రేటు తగ్గలేదు. షిఫ్టులు తగ్గాయి. నెలకి ఇరవై ఆరు రోజులు పోయే మనిషి పదహారు రోజులు పోతే, రోజు కూలి ఎంతుంటే ఏం?

రొయ్య ఒలిచే పని చూడని వాళ్ల కోసం కొంచెం చెప్తాను. అక్కడ కిలో లెక్క. తల తీసి, పొట్టు ఒలిచి, వీపు మీది నరం తీయాలి. చేతులకు గ్లవుసులు, కాళ్లకి బూట్లు, ఎదురుగా ఐసు కలిసిన నీళ్లు. ముప్పై కౌంట్ రొయ్యంటే కిలోకి ముప్పై తూగుతాయి, చెయ్యి చకచకా సాగుతుంది. వంద కౌంట్ వచ్చిన రోజు అదే కిలోకి వంద కాయల్ని ఒలవాలి. రేటులో తేడా ఉంటుంది గానీ, పడే శ్రమకు తగినంత ఉండదు. ముక్కల లెక్కన పని చేసినా రోజు మొత్తానికి కనీస వేతనం కన్నా తగ్గకూడదన్నది పాత చట్టంలోనే ఉన్న నియమం. ప్లాంటు వాడికీ ఆ నియమం తెలుసు. అందుకే కనీస వేతనం పెరిగినప్పుడల్లా పెరిగేది టార్గెట్టు. రోజు కూలి పెంచాం, నిన్నటిదాకా ఇన్ని కిలోలు, ఇక ఇన్ని కిలోలు అంటారు. అందుకోలేని వాళ్లు, అంటే యాభై దాటిన వాళ్లు, వేళ్లు వంకర్లు పోయిన వాళ్లు, తమంతట తామే మానేస్తారు. ఎవరినీ తీసేయలేదు కాబట్టి ఉద్యోగాలు పోయినట్టు ఏ కాగితంలోనూ ఉండదు.

పెంచితే ఉద్యోగాలు పోతాయా అన్న ప్రశ్నకి అమెరికాలో ఒక పేరున్న పరీక్ష జరిగింది. 1992 ఏప్రిల్‌లో న్యూజెర్సీ రాష్ట్రం గంటకు కనీస వేతనాన్ని 4.25 డాలర్ల నుంచి 5.05 డాలర్లకు పెంచింది. ఆనుకునే ఉన్న పెన్సిల్వేనియా పెంచలేదు. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అనే ఇద్దరు రెండు వైపులా 410 ఫాస్ట్‌ఫుడ్ హోటళ్లని పెంపుకి ముందు, తర్వాత అడిగి చూశారు. పెంచిన చోట పనివాళ్లు తగ్గలేదు. 1994లో అది అచ్చయినప్పుడు పెద్ద గొడవైంది. వాళ్ల లెక్కలు తప్పు అని, జీతాల రికార్డులు తెచ్చి వాదించిన వాళ్లున్నారు. కార్డ్‌కి 2021లో నోబెల్ వచ్చింది. అయినా గొడవ ఆగలేదు. సియాటెల్ నగరం 2016లో 13 డాలర్ల మెట్టెక్కాక తక్కువ జీతగాళ్ల పని గంటలు తగ్గిపోయాయని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు 2017లో చెప్పారు. అదే ఏడాది కాలిఫోర్నియాలోని బర్క్లీ విశ్వవిద్యాలయం వాళ్లు అదే ఊరి హోటళ్లు చూసి, జీతాలు పెరిగాయి, ఉద్యోగాలు తగ్గలేదు అన్నారు. గంటలు తగ్గడమన్న మాట మాత్రం నాకు బాగా అర్థమైంది. మన ప్లాంటులో షిఫ్టుల కథే అది.

న్యూజెర్సీ ఫలితానికి పండితులు చెప్పే కారణాల్లో ఒకటి మన ఊళ్లకి అతికినట్టు సరిపోతుంది. పని ఇచ్చేవాడు ఊరికి ఒకడే అయితే, వాడు ఇవ్వగలిగిన దానికన్నా తక్కువే ఇస్తాడు. ఎందుకంటే ఆ మనిషి ఇంకెక్కడికీ పోలేదు. అలాంటప్పుడు చట్టం కూలి పెంచినా వాడు మనుషుల్ని తీసేయడు. ఇంతకాలం తను మిగుల్చుకున్న దాంట్లోంచి కొంత వదులుకుంటాడు, అంతే. మా అమ్మ రోజుల్లో వేసవిలో మా ఊరి ఆడవాళ్లకి ఆ పొగాకు కంపెనీ తప్ప ఇంకో దిక్కు లేదు. "ఇష్టమైతే రా, లేకపోతే మానుకో" అని కంపెనీ గుమస్తా అంటే నిజంగానే మానుకోవడానికి ఏమీ లేదు.

అది మారింది 2007లో. ఉపాధి హామీ మొదటి విడతలో మన రెండు జిల్లాలూ లేవు. రెండో విడతలో నెల్లూరు, ప్రకాశం రెండూ వచ్చాయి. రోజుకి 80 రూపాయలు. ఇప్పుడు నవ్వొచ్చే అంకె. కానీ చెరువు పూడిక తీసే పని ఊళ్లోనే ఉందని తెలిశాక, కంపెనీ ట్రాక్టరు ఎక్కే వాళ్లు తగ్గారు. ఆ ఎండాకాలం గుమస్తా స్వయంగా మా వీధిలోకి వచ్చి అరుగు మీద కూర్చోవడం నేను కళ్లారా చూశాను. మంచినీళ్లు అడిగి తాగాడు. "ఏమ్మా, రావట్లేదేంది? ఇంకో పది వేసిస్తాలే" అన్నాడు. ఎన్ని చట్టాలొచ్చినా కంపెనీ గడప దాటి రాని రేటు, పోవడానికి ఇంకో చోటు దొరికాక దానంతటదే మా అరుగు దాకా వచ్చింది. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి కూలి 307 రూపాయలు. చేతిలో పడేది తవ్విన కొలతని బట్టి ఉంటుంది, అదీ నిజమే. అయినా కాగితం మీది కనీస వేతనం కన్నా, వద్దు అని లేచి పోగలిగే ఆ వెసులుబాటే ఎక్కువ పని చేసిందని నా నమ్మకం. అంటే చట్టం వద్దా అని అడగొచ్చు. ఎందుకు వద్దు? అరుగు మీదికి వచ్చిన గుమస్తాతో బేరమాడాలంటే ఒక అంకె తెలిసుండాలి కదా.

ఈ ఉపాధి పని పేరెత్తితే మా మేనమామకి ఒళ్లు మండుతుంది. కోవూరు దగ్గర పెన్నా కాలవ కింద ఆయనకి వరి. సంక్రాంతికి పోయినప్పుడల్లా ఇదే పంచాయితీ. "ఒరే అల్లుడూ, కూలోళ్లని చెడగొట్టారురా మీరంతా" అని మొదలుపెడతాడు. ఈ 'మీరంతా' ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. నాట్లకి ఒడిశా, బెంగాల్ నుంచి వచ్చిన ముఠాలకి ఎకరా గుత్తకిచ్చి, కోతకి మిషను పెట్టుకుని నెట్టుకొస్తున్నాడు. అదే నోటితో ఇంకో పది నిమిషాలకి మద్దతు ధర గురించి మొదలుపెడతాడు. 2025-26కి సాధారణ రకం వడ్లకి క్వింటాలు 2,369 రూపాయలు. మా నెల్లూరు లెక్కలో పుట్టి అంటే 850 కిలోలు, అంటే పుట్టికి 20,136 పై చిల్లర. "కళ్లంలో ఏనాడైనా ఆ రేటు చూశానా? తేమ అంటాడు, నూక అంటాడు, తాలు అంటాడు. వాడు చెప్పిన రేటుకి ఇచ్చి రావడమే" అని మిల్లరుని తిడతాడు.

ఒకసారి ఉండబట్టలేక అన్నాను. మామా, నీ వడ్లకి మద్దతు ధర ఎట్టాంటిదో నీ పొలంలో కూలికొచ్చే ఆయమ్మ చేతికి కనీస వేతనం అట్టాంటిది. ఇంతకన్నా తక్కువకి కొనగూడదని సర్కారు గీసిన గీతే రెండూ. నువ్వు కళ్లంలో పడే బాధే ఆమె నీ గట్టు మీద పడుతోంది.

మామ కోప్పడతాడనుకున్నా. తువ్వాలుతో మొహం తుడుచుకుని, "నాకు రేటు రాకుండా నేను ఎక్కణ్ణించి తెచ్చియ్యాలిరా?" అన్నాడు. దానికి నా దగ్గర సమాధానం లేదు. 1961లో కేరళ పెంకుల పరిశ్రమ కేసులో యజమాని భరించగలడా లేదా అన్నది కనీస వేతనానికి సంబంధం లేని ప్రశ్న అని సుప్రీంకోర్టు తేల్చింది. ఆ అంకె కట్టడానికి కుటుంబం తిండి, గుడ్డ, గూడు చూస్తారు తప్ప యజమాని లాభం చూడరు. 1957లో భారత కార్మిక సదస్సు పెట్టిన కొలత ప్రకారం కుటుంబానికి ఏడాదికి 72 గజాల గుడ్డ, తిండికి మూడు యూనిట్లు. పని చేసే మగవాడు ఒక యూనిట్, భార్య 0.8, ఇద్దరు పిల్లలు చెరి 0.6. పిల్లల చదువు, వైద్యం కోసం ఇంకో 25 శాతం కలపాలని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. భార్యకి 0.8 ఎందుకో? పొగాకు దుమ్ములో రోజంతా కూర్చుని వచ్చే మా అమ్మ ఎవరి లెక్కలో 0.8 అయిందో నాకు తెలుసుకోవాలని ఉంటుంది. సరే, తీర్పు న్యాయమైనదే. కానీ కోర్టు మాట మామ కళ్లంలో చెల్లాలంటే మిల్లరు దగ్గర కూడా ఆ గీత నిలబడాలి. ఒక గీత చెరిగిపోతున్నప్పుడు రెండో గీత ఒక్కటే నిలబడమంటే కష్టం.

ఇక నా రోజువారీ పనిలో నాకు తగిలే చిక్కు వేరే ఉంది. జీతం 500 పెంచితే యజమానికి 500తో పోదు. పీఎఫ్ తన వాటా, ఖర్చులు కలిపి 13 శాతం, ఈఎస్ఐ 3.25 శాతం. మొత్తం 581 రూపాయల పాతిక పైసలు. అటు మనిషి జీతంలోంచి పీఎఫ్ 12 శాతం, ఈఎస్ఐ ముప్పాతిక శాతం పోగా చేతికి వచ్చేది 436 రూపాయల పాతిక పైసలు. ఇచ్చేవాడికి 581, పుచ్చుకునేవాడికి 436. మధ్యలో 145 ఎక్కడికి పోయిందని ఇద్దరూ నన్నే అడుగుతారు, నేనేదో నొక్కేసినట్టు. అందులో ఎక్కువ భాగం ఆ మనిషి పీఎఫ్ ఖాతాలోనే ఉంటుంది, రేపు వస్తుంది. కానీ పొయ్యి వెలిగేది ఇవాళ.

అందుకే మా దగ్గర వ్యాపారాలు విచిత్రంగా పెరుగుతాయి. పది మందైతే ఈఎస్ఐ, ఇరవై మందైతే పీఎఫ్. కాబట్టి తొమ్మిది మంది ఉన్న షాపులు, పంతొమ్మిది మంది ఉన్న యూనిట్లు నాకు లెక్కలేనన్ని తెలుసు. ఇరవయ్యో మనిషి అవసరమైనప్పుడు భార్య పేరు మీద ఇంకో ఫర్మ్ పుడుతుంది. అదే గోడౌను, అదే గేటు, బోర్డు మాత్రం రెండోది. వీటి కాగితాలు కూడా నేనే తయారు చేసిపెట్టాను, దాచేదేముంది. కనీస వేతనం భారాన్ని చిన్నవాడికి తగ్గించాలని ప్రభుత్వానికి నిజంగా ఉంటే, జీతం తగ్గించుకోనివ్వడం కాదు చేయాల్సింది. ఇరవయ్యో మనిషిని పెట్టుకున్న మొదటి రెండేళ్లు యజమాని పీఎఫ్ వాటాని ప్రభుత్వమే కట్టాలి. జీతం మీద రాయితీ ఇస్తే అది ప్లేట్లు కడిగే ఆమె జేబులోంచి ఇచ్చినట్టు. వాటా మీద ఇస్తే అందరి జేబులోంచి ఇచ్చినట్టు.

ఇంకోటి కూడా అంటాను, యూనియన్ మిత్రులకి కోపమొచ్చినా సరే. పదేళ్లు నిద్రపోయి ఒక్కసారిగా అంకెని రెట్టింపు చేయమని అడగడం కన్నా, బేసిక్‌ని రెండేళ్లకోసారి కొంచెం కొంచెం కదిలించమని పట్టుపట్టడం మేలు. చిన్న పెంపుని అన్న దోసెలో కలిపేస్తాడు. పెద్ద పెంపుని చూస్తే భయపడి రెండో రిజిస్టరు తెరుస్తాడు.

అక్టోబరు ఫోను సంగతి చెప్పకుండా ఆపేస్తే బాగోదు.

నంబరు కొత్తది. ఆడపిల్ల గొంతు, ఇరవై దాటి ఉండదు. "సార్, లెక్కలు రాసేది మీరేనా? ఈసారి డీఏ ఎంత పెరిగింది సార్?" అంది. ఏ ఊరి యజమాని కూతురో అనుకున్నా. "మీది ఏ లైనమ్మా?" అన్నా. "బట్టల షాపులో సేల్స్‌లో చేస్తన్నా సార్. మా షాపుకి కూడా వస్తుందా అది?" అని షాపు పేరు చెప్పింది. ఆ షాపు లెక్కలు రాసేది నేనే. మా రిజిస్టరులో ఆ పిల్ల జీతం ఎంత రాసుందో నాకు తెలుసు. చేతికి ఎంత ఇస్తారో కూడా తెలుసు.

షాపులకి వర్తిస్తుందని చెప్పాను. అంకె చెప్పాను. తను రాసుకుంటున్నట్టుంది, మళ్లీ చెప్పమంది. మళ్లీ చెప్పాను. "మరి రిజిస్టరులో నాకు ఎంత రాసుంది సార్?" అంది.

అదీ చెప్పాను.

రెండు రోజుల తర్వాత యజమాని ఫోన్ చేశాడు. ఆ పిల్లకి చెప్పింది నువ్వేనా అన్నాడు. నేనే అన్నా. ఇంకేమీ అనలేదు, పెట్టేశాడు. దీపావళికి ముందు ఫైళ్లు తీసుకుపోవడానికి కుర్రాణ్ణి పంపించాడు. వాడి చేతిలో ఒక కవరుంది. నాకు రావాల్సిన ఏడు నెలల బాకీ, ఒక్క రూపాయి కూడా తగ్గకుండా.